ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మెడ మాత్రం తిరగడం లేదు

న్యాయ సలహా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు మెడ గురించే. వెనక నుంచి బండి గుద్దితే మెడకు తగిలే దెబ్బను డాక్టర్లు విప్‌లాష్ అంటారు. పైకి గాయం కనపడదు కాబట్టి ఇంట్లోవాళ్ళు, పోలీసులు, ఒక్కోసారి లాయర్లు కూడా తేలిగ్గా తీసేస్తారు. అందుకని ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. వయసు 41. రెండు నెలల కిందట మావారూ నేనూ విజయవాడలో పెళ్ళికి వెళ్ళి కారులో తిరిగొస్తున్నాం. హనుమాన్ జంక్షన్ దగ్గర ముందు బండ్లు ఆగితే మేమూ ఆగాం. వెనక నుంచి లారీ వచ్చి గుద్దింది. డిక్కీ లోపలికి పోయింది గానీ మాకు రక్తం కూడా రాలేదు. డ్రైవరు బతిమాలాడు. ఓనరుతో ఫోన్లో మాట్లాడించి 5,000 రూపాయలు చేతిలో పెట్టాడు. పాపం అనిపించి పోలీసులకు చెప్పకుండా వచ్చేశాం. మర్నాడు పొద్దున దిండు మీద నుంచి తల లేపలేకపోయాను. 38 రోజులు స్కూలుకు వెళ్ళలేదు, ఆ జీతం కోసేశారు. ఇప్పటికీ బోర్డు మీద రాస్తుంటే మెడ నుంచి భుజం దాకా లాగుతుంది. ఎక్స్‌రే తీసి ఎముకకు ఏం కాలేదన్నారు. ‘దెబ్బే కనపడకపోతే కోర్టులో ఏం చూపిస్తావు’ అంటున్నారు మావారు. లారీ నంబరు ఫోటో ఒకటి నా ఫోన్లో ఉంది. కేసు వేయవచ్చా?
– ఒక టీచరు, ఏలూరు

జవాబు: అమ్మా, కేసు వేయవచ్చు. కానీ ముందు మీ మెడ సంగతి చూద్దాం.

లారీ గుద్దినప్పుడు సీటు మీ వీపును ముందుకు తోసింది. తల మాత్రం ఉన్నచోటే ఉండిపోయి, ఆ వెంటనే కొరడా ఝళిపించినట్టు ముందుకు విసురుగా వచ్చింది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు జరిగిపోతుంది. మెడ కండరాలు, ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లు, వెనకవైపు ఉండే చిన్నచిన్న కీళ్ళు సాగిపోతాయి. ఇవేవీ ఎక్స్‌రేలో కనపడవు. చాలాసార్లు ఎమ్మారైలో కూడా కనపడవు. ఎక్స్‌రే నార్మల్ అంటే ఎముక విరగలేదని మాత్రమే అర్థం. దెబ్బ తగలలేదని కాదు. నొప్పి ఆరోజు లేకుండా మర్నాడో, రెండో రోజో మొదలవడం కూడా ఈ దెబ్బకు మామూలే. ఈ రెండు సంగతులూ మీవారికి చదివి వినిపించండి.

చేతివేళ్ళలో తిమ్మిరి, చేతిలో పట్టు తప్పడం, నడుస్తుంటే తూలడం, మూత్రం ఆపుకోలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పత్రిక పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అవి లేకపోతే ఆర్థోపెడిక్ డాక్టరుకు మళ్ళీ చూపించుకుని ఫిజియోథెరపీ మొదలుపెట్టండి. నెలల తరబడి మెడకు కాలర్ పట్టీ బిగించుకుని కూర్చోవద్దు. డాక్టరు చెప్పిన మేరకు మెడను నెమ్మదిగా కదిలిస్తేనే త్వరగా కోలుకుంటారని ఇప్పటి వైద్యం చెబుతోంది. మంగలి షాపులో మెడ టక్కుమనిపించుకోవడం, నాటువైద్యుడి చేత విరిపించుకోవడం అసలే వద్దు.

ఇక కేసు. మీవారి ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: కోర్టులో దెబ్బను కాగితాలే చూపిస్తాయి. నేను ఇరవై ఏళ్ళకు పైగా ప్రమాద కేసులు చేస్తున్నాను. విప్‌లాష్ కేసులు నొప్పి తక్కువై ఓడిపోవడం నేను చూడలేదు. కాగితం లేక ఓడిపోవడం చాలాసార్లు చూశాను. ఒకటి నాదే. 2014లో గుంటూరు నుంచి మంగళగిరి వెళ్తుంటే నేనెక్కిన ఆటోను ఒక కాలేజీ బస్సు వెనక నుంచి గుద్దింది. కోర్టు పని ఉందని మూడు రోజులు డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళినరోజు నొప్పితో మాట్లాడలేక ‘మెడ నొప్పి’ అని ఊరుకున్నాను. చీటీ మీద ఆయన అంతే రాశారు. ప్రమాదం అన్న మాట లేదు. తరవాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఆ చీటీ పైకెత్తి, ఇందులో బస్సు ఎక్కడుందమ్మా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకూ చెబుతున్నాను: డాక్టరుతో అనే మొదటి వాక్యంలోనే ప్రమాదం తేదీ, ఏ బండి, ఎటు నుంచి గుద్దింది చెప్పండి, అది చీటీ మీద రాశారో లేదో చూసుకుని బయటికి రండి.

మీ మొదటి చీటీ తీసి చూడండి. ప్రమాదం మాట ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే దిద్దమని అడగవద్దు. పాత చీటీ మీద కొత్త సిరా కేసుకే చేటు. ఇప్పుడు వెళ్ళినప్పుడు జరిగిందంతా చెప్పి కొత్తగా రాయించుకోండి. మెడ ఎడమకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోంది, కుడికి ఎన్ని, ఎక్కడ నొక్కితే నొప్పి, ఇవి కూడా రాయమని అడగండి. 1995లో కెనడాలోని క్యూబెక్ నిపుణుల బృందం విప్‌లాష్‌కు దశలు పెట్టింది. నొప్పి, బిగుతు మాత్రమే ఉంటే మొదటి దశ. డాక్టరు పరీక్షలో కదలిక తగ్గినట్టు తేలితే రెండో దశ. నరాల మీద ప్రభావం కనిపిస్తే మూడు, ఎముక విరిగితే నాలుగు. డాక్టరు డిగ్రీలు రాశారంటే మీ నొప్పి మీ నోటిమాటగా మిగలదు, పరీక్షలో తేలిన విషయం అవుతుంది.

తరవాత పోలీసు ఫిర్యాదు. హనుమాన్ జంక్షన్ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. అంత దూరం కష్టమైతే ఏలూరులోనే జీరో ఎఫ్ఐఆర్‌గా, అంటే ప్రమాదం తమ పరిధిలో జరగకపోయినా తీసుకునే ఫిర్యాదుగా ఇవ్వవచ్చు. రెండు నెలలు ఎందుకు ఆగారో ఫిర్యాదులోనే రాయండి: ఆరోజు నొప్పి లేదు, డ్రైవరు బతిమాలాడు, తరవాత మంచం పట్టాను. 5,000 తీసుకున్న సంగతి దాచవద్దు. నష్టపరిహారం మొత్తానికీ చెల్లు అని మీరేమీ రాసివ్వలేదు కాబట్టి దానివల్ల హక్కు పోదు. దాచిపెడితే మాత్రం రేపు అవతలివాళ్ళు దాన్నే పట్టుకుంటారు. నిజమైన కేసును ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో అనుమానించరాదని రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించే దారి ఉంది.

కారు బాగు చేయించడానికి మీ సొంత ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ పెట్టారా? రాయలేదు మీరు. పెట్టి ఉంటే ఆ క్లెయిమ్ ఫారం, సర్వేయరు తీసిన డిక్కీ ఫోటోలు, షెడ్డు బిల్లు అన్నీ తెచ్చి పెట్టుకోండి. ఆ తేదీన, వెనక నుంచి దెబ్బ తగిలిందని చెప్పడానికి మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదే. ఫోన్లో ఉన్న నంబరు ప్లేటు ఫోటోను వాట్సాప్‌లో తిప్పకండి, అసలు ఫైలు అలాగే ఉంచండి. నంబరుతో ఎం-పరివాహన్ యాప్‌లో లారీకి ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడవచ్చు.

స్టేషన్ వాళ్ళు గవర్నమెంటు ఆసుపత్రికి పంపితే అక్కడ వూండ్ సర్టిఫికెట్, అంటే గాయం ఎలాంటిదో రాసిన కాగితం ఇస్తారు. ఇక్కడ జాగ్రత్త. ఎముక విరగలేదు కదా అని చాలామంది డాక్టర్లు ‘సింపుల్’ అని రాసేస్తారు. కానీ చట్టంలో తీవ్రమైన గాయం అంటే ఎముక విరగడం ఒక్కటే కాదు. 15 రోజులు తీవ్రమైన నొప్పి అనుభవించినా, మామూలు పనులు చేసుకోలేకపోయినా అది తీవ్రమైన గాయమే అని భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ చెబుతోంది. పాత ఐపీసీలో ఇది 20 రోజులు ఉండేది. మీరు 38 రోజులు ఇంట్లో ఉన్నారు. స్కూలు నుంచి సెలవు ధ్రువపత్రం, జీతం కోసినట్టు చూపే స్లిప్పులు తీసుకెళ్ళి డాక్టరు ముందు పెట్టి, ఈ రోజుల లెక్క నమోదు చేయమని మర్యాదగా అడగండి.

‘తీవ్రమైన గాయం’ అన్న ఈ ఒక్క మాట మీద చాలా ఆధారపడి ఉంది. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, తప్పు ఎవరిదో రుజువు చేయనక్కర్లేకుండా, తీవ్రమైన గాయానికి 2.5 లక్షల రూపాయలు అడగవచ్చు. మరో దారి 166వ సెక్షన్. అందులో లారీ డ్రైవరు నిర్లక్ష్యం చూపాలి, నష్టం లెక్క చూపాలి, పరిమితి మాత్రం లేదు. విప్‌లాష్‌ను తీవ్రమైన గాయంగా ప్రతి జడ్జీ ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వను. కాగితాలన్నీ చేతికొచ్చాక ఏ దారి మేలో మీ లాయరుతో కూర్చుని తేల్చుకోండి.

ఆలస్యం మాత్రం చేయవద్దు. 1994 నుంచి చాలా ఏళ్ళు ఈ కేసులకు గడువే లేదు. ఆ రోజులు గుర్తుపెట్టుకుని ఇప్పటికీ కొందరు ‘ఎప్పుడైనా వేసుకోవచ్చు’ అని సలహా ఇస్తుంటారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలని చట్టం మారింది. దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి, కానీ వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. మీకు నాలుగు నెలలు ఉన్నాయి. ప్రమాదం కృష్ణా జిల్లాలో జరిగినా, మీరు ఉండేది ఏలూరు కాబట్టి ఏలూరు కోర్టులో ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. మీరు మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆ ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది.

ఎంత వస్తుందని అడగకుండా ఉండలేరని తెలుసు. అంకె చెప్పను. శాశ్వత లోపం ఏదీ లేకపోతే ట్రిబ్యునల్ ముఖ్యంగా చూసేవి మూడు: ఒకటి వైద్యం, మందులు, ప్రయాణం, మంచి తిండి ఖర్చు; రెండు పోయిన జీతం; మూడు పడిన నొప్పి, బాధ. ఫిజియోథెరపీకి వెళ్ళిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. ఆటో ఖర్చు ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. లెక్కల టీచరుకు నేను చెప్పేదేముంది.

ప్రశ్న: అక్కా, నాది కరీంనగర్. వయసు 24, మొబైల్ రిపేర్ షాపు నడుపుతాను. నాలుగు నెలల కింద దోస్తు బండి మీద వెనక కూర్చుని వస్తుంటే అలుగునూరు దగ్గర కారు వెనక నుంచి గుద్దింది. ఎఫ్ఐఆర్ అయింది. ఎమ్మారైలో మెడ డిస్క్ కొంచెం ఉబ్బింది అన్నారు. గంట సేపు తల వంచి పని చేస్తే చెయ్యి గుంజుతుంది. ఆసుపత్రిలోనే ఒకాయన కలిసి, 40 శాతం డిసేబిలిటీ సర్టిఫికెట్ ఇప్పిస్తా, వచ్చినదాంట్లో సగం నాకు అని మూడు తెల్ల కాగితాల మీద సంతకాలు తీసుకున్నాడు. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, ఆ మనిషిని వదిలించుకో. ఇవాళే ఒక ఉత్తరం రాయి: ఫలానా తేదీన నీతో మూడు ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకున్నాడని, వాటిని వాడేందుకు నీ అనుమతి లేదని, తిరిగి ఇచ్చేయమని. రిజిస్టర్డ్ పోస్టులో అతనికీ, అతను చెప్పిన లాయరుకూ పంపి, రసీదు దాచుకో. కేసు గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నిబంధనలే ఒప్పుకోవు. మధ్యవర్తికి అసలు ఏ హక్కూ లేదు.

దొంగ సర్టిఫికెట్ వద్దనడం నీతి కోసం ఒక్కటే కాదు. నీ కేసు నిజం కాబట్టి వద్దంటున్నాను. ఉత్తరప్రదేశ్‌లో బోగస్ ప్రమాద కేసులు బయటపడ్డాక వాటి మీద ప్రత్యేక దర్యాప్తు బృందమే నడిచింది. ఇన్సూరెన్స్ కంపెనీలు ఇప్పుడు ప్రతి సర్టిఫికెట్‌నూ అనుమానంతోనే చూస్తాయి. నీకు వైద్యమే చేయని డాక్టరు 40 శాతం అని రాస్తే, ఆ కాగితంతో పాటు నీ నిజమైన ఎమ్మారై కూడా చెత్తబుట్టలోకి పోతుంది.

నిజానికి నీకు అంత పెద్ద అంకె అవసరం లేదు. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010 అక్టోబరులో ఇచ్చిన తీర్పు ఇలాంటివాళ్ళ కోసమే అనిపిస్తుంది నాకు. ఒంట్లో లోపం శాతం వేరు, సంపాదనలో నష్టం శాతం వేరు అని అందులో తేల్చారు. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తాకు ఏమీ పోకపోవచ్చు అని ఉదాహరణ ఇచ్చారు. నీకూ అదే వర్తిస్తుంది. లోపం 8 శాతమే అనుకో, తల వంచకుండా మొబైల్ రిపేర్ చేయలేవు కదా. నీ పనిని జడ్జి కళ్ళకు కట్టాలి: షాపులో కూర్చునే తీరు ఫోటో, మైక్రోస్కోప్ కింద పని, ముందు రోజుకు ఎన్ని ఫోన్లు, ఇప్పుడు ఎన్ని. ఐటీ రిటర్నులు లేకపోతే ఫోన్‌పే, గూగుల్‌పే స్టేట్‌మెంట్లు, స్పేర్ పార్టుల బిల్లులు, షాపు అద్దె ఒప్పందం తీసి పెట్టు. ప్రమాదానికి ముందు ఆరు నెలలు, తరవాత నాలుగు నెలలు పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

డిసేబిలిటీ సర్టిఫికెట్ గవర్నమెంటు ఆసుపత్రి మెడికల్ బోర్డు నుంచి తీసుకో. నీకు వైద్యం చేసిన డాక్టరు సాక్ష్యానికి వస్తారా అని ఇప్పుడే అడుగు. కోర్టులు ఆయన మాటకే ఎక్కువ విలువ ఇస్తాయి. నీకు మిగిలింది రెండు నెలలే, ఈ వారంలోనే జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళు. ఒకవేళ మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ అంటే, అక్కడ ఒప్పుకున్న అంకె మీద మళ్ళీ అప్పీలు ఉండదు. నొప్పి తగ్గే దాకా, అంటే ఇక ఎంత మిగులుతుందో డాక్టరు చెప్పే దాకా, సంతకం చేయకు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి కారును ఎవరో వెనక నుంచి గుద్దారట. మెడ నొప్పి అంటున్నాడు. క్లెయిమ్ చేయిస్తామని రోజూ ఫోన్లు వస్తున్నాయట. భయంగా ఉందమ్మా.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: భయపడకండమ్మా. ఆ దేశంలో విప్‌లాష్‌కు మన దగ్గర లేని ఒక పద్ధతి ఉంది. ఇంగ్లండు, వేల్స్‌లలో 2021 మే 31 నుంచి నొప్పి ఎన్ని నెలలు ఉంటే ఎంత అని పట్టిక పెట్టారు. మొదట పెట్టిన పట్టికలో, మెడ దెబ్బ ఒక్కటే అయితే, మూడు నెలల్లోపు తగ్గేదానికి 240 పౌండ్లు, 18 నుంచి 24 నెలలు ఉండేదానికి 4,215 పౌండ్లు. 2025 మే 31 నుంచి జరిగిన ప్రమాదాలకు ఈ అంకెలు పెంచారు. జీతం నష్టం, వైద్య ఖర్చు వేరే. అఫీషియల్ ఇంజురీ క్లెయిమ్ అని ఒక వెబ్‌సైటు ఉంది, లాయరు లేకుండా వాడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫోన్లు చేసేవాళ్ళకు వాటా ఇవ్వనక్కర్లేదు. మెడికల్ రిపోర్టు లేకుండా రాజీ డబ్బు ఇవ్వడం అక్కడ చట్టమే నిషేధించింది కాబట్టి, రిపోర్టు అక్కర్లేదు డబ్బు ఇస్తాం అని ఎవరైనా అంటే వినవద్దని చెప్పండి. మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది. ముందు వాణ్ణి అక్కడి జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టరుకు చూపించుకోమనండి.

ప్రశ్న: మా కారు ముందు సీట్ల హెడ్‌రెస్ట్‌లు అడ్డంగా ఉన్నాయని పిల్లలు తీసేశారు. ఏమైనా ఇబ్బందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇబ్బందే. ఇవాళే తిరిగి పెట్టించండి. అది తల వాల్చుకుని నిద్రపోవడానికి పెట్టింది కాదు. వెనక నుంచి బండి గుద్దినప్పుడు తల వెనక్కి పడకుండా ఆపేది అదొక్కటే. దాని పై అంచు మీ నడినెత్తి ఎత్తుకు రావాలి, తల వెనక భాగానికి వీలైనంత దగ్గరగా ఉండాలి. మెడ దగ్గర ఆగిపోయేలా కిందికి ఉంటే తలకు ఆసరా దొరకదు. వెనక సీటువి కూడా చూడండి. చాలా కార్లలో అవి షోరూం నుంచి వచ్చినప్పుడు ఎలా కిందికి దించి ఉన్నాయో అలాగే ఉండిపోతాయి, కూర్చున్నవాళ్ళ ఎత్తును బట్టి పైకి లాగాలి.